లారీకి నలభై నిమిషాలు

స్నానం చేసి వచ్చేసరికి నా బల్ల వసారాలో ఉంది.

బల్ల ఒక్కటే అయితే పోనీలే అనుకునేదాన్ని. కుర్చీ, కంప్యూటరు, కాగితాల కట్టలు, పెన్నులు పెట్టుకునే గాజు సీసా, అన్నీ బయటే ఉన్నాయి. కాగితాలు ఎగిరిపోకుండా పైన ఇటుక ముక్క పెట్టి ఉంది. కంప్యూటరు తెరకి పాత దుప్పటి చుట్టి నాలుగు మూలలా ముడేసి ఉంది. అంత కోపంలోనూ మా బావగారు సరుకు దెబ్బతినకుండా దించారు. గోదాంలో ఇరవై మూడేళ్ళు పనిచేసిన చెయ్యి మరి.

ముందు గదిలో, సరిగ్గా నా బల్ల ఉండే చోట, ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"బావగారూ, నా బల్ల బయటెందుకు పెట్టారు?"

ఆయన నావైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యవైపు తిరిగారు.

"అమ్మా, ఆవిడతో చెప్పు. ఈ గదిలో కూర్చుని అరవై రెండు మంది పొట్ట కొడతానంటే కుదరదని చెప్పు."

"వింటూనే ఉందిగా రా," అంది అత్తయ్య.

"విన్నా సరే, చెప్పు."

నేను ఈ ఇంటికి వచ్చి పధ్నాలుగేళ్ళయింది. బావగారికి ఎవరిమీదన్నా కోపమొస్తే వాళ్ళతో మాటలు బంద్. తన మనిషి అనుకున్నవాళ్ళని ఒకర్ని మధ్యలో నిలబెట్టి, చెప్పదల్చుకున్నదంతా వాళ్ళ నోటితో చెప్పిస్తారు. ఒకసారి తమ్ముడి మీద అలిగి, భోజనానికి ఎదురెదురుగా కూర్చుని కూడా నెల్లాళ్ళు నా ద్వారానే మాట్లాడారు. అప్పుడు నేను తన మనిషిని. నిన్నటినించి కాను.

నిన్న మధ్యాహ్నం గోదాం గేటుకి ఎవరో ఒక కాగితం అంటించారు. మా హెడ్డాఫీసులో బోర్డు కోసం తయారైన కాగితం అది, బయటికి ఎలా పాకిందో తెలియదు. కంపెనీకి ఉన్న నాలుగు గోదాముల్లో మూడోది మూసేస్తే మేలని అందులో ఉంది. కింద నా సంతకం ఉంది. ఆ మూడో గోదాం సూపర్‌వైజరు మా బావగారు.

"పన్నెండేళ్ళ కిందట ఆవిడ దరఖాస్తు స్కూటరు మీద పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చిన వెధవని నేనేనని చెప్పమ్మా," అన్నారు.

ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అత్తయ్యా, ఆయనతో చెప్పండి. ఉద్యోగం ఇప్పించినంత మాత్రాన దొంగ లెక్కలు వెయ్యనని చెప్పండి."

పేపరు వెనకనించి మా ఆయన గొంతు వినిపించింది. "ఇద్దరూ అన్నదాంట్లోనూ నిజం ఉంది."

"నువ్వు నోరు మూసుకో," అన్నారు బావగారు. "మీరు ఊరుకోండి," అన్నాను నేను. మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డది ఆ పొద్దున అదొక్కసారే. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

నేను వసారాలోకి వెళ్ళి దుప్పటి ముళ్ళు విప్పాను. గోదాం ముడి అంత తేలిగ్గా ఊడదు, గోళ్ళు నొప్పెట్టాయి. కంప్యూటరుకి తీగ తగిలించి, తెర వాళ్ళవైపు తిప్పాను.

"రండి అత్తయ్యా, చూడండి. ఎవరి పొట్టా కొట్టలేదు. ఉన్నదున్నట్టు పెట్టాం."

ఎనిమిది నెలలపాటు నేను, నా కింద అయిదుగురు కట్టిన బొమ్మ అది. నాలుగు గోదాములూ, లారీలూ, మనుషులూ అందులో చిన్న చిన్న గళ్ళుగా కదులుతారు. సరుకు పెరిగితే ఏమవుతుంది, ఒక గోదాం తీసేస్తే ఏమవుతుంది, అన్నీ నిజం మనుషుల మీద కాకుండా ముందు దానిమీద చేసి చూస్తాం. దాన్ని మేం నకలు అంటాం. నకలు చూసి కంపెనీ నిర్ణయం తీసుకుంటుంది.

"చీమల్లా ఉన్నాయే," అంది అత్తయ్య కళ్ళు చికిలించి.

"అవి లారీలు. ఇది రద్దీ రోజు. ఇదిగో మూడో గోదాం. లారీలు ఆగి సరుకు దించే అరుగు ఒకటే. లారీ వెనక లారీ ఆగిపోయి, సాయంత్రానికి ఎనిమిది లారీలు వీధి చివరదాకా నిలబడిపోయాయి, ఎర్రగా కనిపిస్తున్నాయే, అవే. మిగతా మూడు గోదాముల్లో ఇలా ఆగవు. మరి ఏది మూయమంటారు?"

మా తోటికోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదుగా చూసింది.

"ఇది ఏ వీధి?"

"మూడో గోదాం వీధే అక్కా."

"ఎనిమిది లారీలా? ఆ వీధిలోనా?" అక్క ఇంకొంచెం వంగింది. "ఇరవై ఏళ్ళుగా రోజూ మధ్యాహ్నం కారియర్ పట్టుకుని ఆ వీధిలో నడుస్తున్నాను. రద్దీ రోజైనా సరే, రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉండగా నేను చూళ్ళేదు."

తెరమీద ఎర్రగళ్ళు బుద్ధిగా బారులు తీరుతూనే ఉన్నాయి.

"ఎందుకాగుతాయి మరి, నీ బొమ్మలో?" అంది అత్తయ్య.

"లారీ దించడానికి అక్కడ నలభై నిమిషాలు పడుతుంది కనక. మిగతా చోట్ల ఇరవై రెండు, ఇరవై నాలుగు. అక్కడ మటుకు నలభై."

"ఎవరు చెప్పారు నలభై అని?"

"రిజిస్టరు. రెండేళ్ళ రిజిస్టరు. సూపర్‌వైజరు గారు స్వయంగా రాసింది."

బావగారు ఏదో ఒకటి అంటారని చూశాను. గుడ్లురిమి నా మీద విరుచుకుపడతారని, అత్తయ్యని మధ్యలో పెట్టి నాలుగు దులుపుతారని. ఆయన లేచి, చొక్కా తొడుక్కుని, స్కూటరు తాళం తీసుకుని వెళ్ళిపోయారు. ఆ మనిషి తిట్టకుండా వెళ్ళిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అక్క నా చెయ్యి పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

"చెప్పక తప్పేలా లేదు," అంది. "అక్కడ లారీ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆయన నలభై రాస్తారు."

"ఎందుకు?"

"పదకొండేళ్ళ కిందట ఆయన అక్కడ గుమాస్తా. లారీకి ఎంతసేపు పట్టిందో అంతే రాసేవారు. పద్ధెనిమిది, ఇరవై. హెడ్డాఫీసు వాళ్ళు అది చూసి, అయితే ఇరవై నిమిషాలకో లారీ అన్నారు. ఒక్క గంట ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఇప్పుడున్న హమాలీల మేస్త్రీ వాళ్ళన్న పెట్టెతో సహా అరుగు మీంచి పడ్డాడు. నడుం విరిగింది. ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. సూపర్‌వైజరు అయ్యాక ఈయన మొదటి రోజే నలభై రాశారు. మళ్ళీ మార్చలేదు. దించాక హమాలీలు కాసేపు కూర్చుంటారు, నీళ్ళు తాగుతారు. రద్దీ రోజుల్లో మాత్రం మూడు లారీలు వరసగా దించేసి పది నిమిషాలు కూర్చుంటారు. అప్పుడూ రాసేది నలభయ్యే."

నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. బావగారి మీద వచ్చింది, ముందుగా. తర్వాత నా మీద వచ్చింది, అది పోలేదు.

ఎందుకంటే నేను పెట్టిన నియమం ఒకటుంది. నకలు కట్టేముందు ప్రతి గోదాంలోనూ మాలో ఒకరు గడియారం పట్టుకుని ఒక పూటంతా నిలబడాలి. మూడు చోట్ల నిలబడ్డాం. మూడో గోదాంకి ఎదురుగా నేనే 'అవసరం లేదు' అని రాశాను. అక్కడ మా బావగారున్నారు, వెళ్తే బంధుప్రీతి అంటారని. నా మంచిపేరు కాపాడుకోవడానికి అరవై రెండు మందిని చూడకుండా వదిలేశాను.

*

ఆఫీసులో లెక్కలాయన్ని అందరూ దశాంశం అంటారు. టైమెంతైంది అని అడిగితే పది గంటల పన్నెండున్నర నిమిషాలు అనే రకం. నేను చెప్పేది విని, నా ముందు ఒక కాగితం పెట్టాడు.

"నేనప్పుడే చెప్పాను మేడం. ఏడువేల రెండొందల నలభై ఒక్క లారీలు. అన్నిటికీ నలభై. మనుషులు ఇంత సమానంగా పని చెయ్యరు అన్నాను. ఏదో సుమారుగా రాసి ఉంటార్లే, వదిలెయ్యి అన్నారు మీరు."

"అన్నాను."

"ఇంకోటి కూడా ఉంది. ఇవాళే గేటు పుస్తకంతో కలిపి చూశాను. రద్దీ రోజున ఇరవై లారీలు వచ్చాయి. నలభై చొప్పున పదమూడు గంటల ఇరవై నిమిషాలు. వాళ్ళ షిఫ్టు ఎనిమిది గంటలే."

"ఎనిమిది నెలలనించీ ఆ రెండు పుస్తకాలూ మన దగ్గరే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి."

నేను బల్లమీద చేత్తో కొట్టాను. దశాంశం తన టీ కప్పు పక్కకి జరుపుకున్నాడు.

ఇరవై నిమిషాలు పెట్టి, అక్క చెప్పిన విశ్రాంతి కూడా పెట్టి, నకలు మళ్ళీ నడిపాం. ఎర్రగళ్ళు ఒక్కటీ లేవు. మూడో గోదాం మూస్తే మిగతా మూడూ నెల తిరక్కుండా చతికిలబడుతున్నాయి. అంటే నా సంతకంతో వెళ్ళిన సలహా తలకిందులుగా ఉంది.

ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళాను. బోర్డు మీటింగు నాలుగింటికి.

"నకలు చెప్పింది, మనం విన్నాం. ఇంకేంటి?" అన్నాడు.

"నకలు ఏమీ చెప్పదు సార్. మనం ఇచ్చిందే మనకి తిప్పి ఇస్తుంది. నేను తప్పు అంకె ఇచ్చాను."

"నిన్నటిదాకా అద్భుతం అన్నారే. మీ బావగారు ఇంట్లో గొడవ పెట్టగానే తప్పైపోయిందా?"

ఎనిమిది నెలల కిందటే ఆ అరుగు మీద నిలబడి ఉంటే ఈ మాట పడేదాన్ని కాదు.

"రిజిస్టరు తప్పు సార్. గేటు పుస్తకంతో కలవడం లేదు, చూడండి."

"తప్పు సరే. ఒప్పు ఎక్కడుంది? సూపర్‌వైజరు తమ్ముడి పెళ్ళాం గడియారం పట్టుకుని చూసొచ్చిందంటే బోర్డు నవ్వుతుంది. నాకు రిజిస్టర్లో కావాలి. సూపర్‌వైజరు సంతకంతో. నాలుగు లోపల తెస్తే అదీ, మీ కొత్త కాగితమూ లోపలికి పంపిస్తాను. లేదంటే పాతదే వెళ్తుంది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రిజిస్టర్లో అబద్ధం రాసినవాణ్ణి కంపెనీ ఏం చేస్తుందో మీకు తెలుసుగా? ఆ రూలు కూడా నాలుగు తర్వాత చూసుకుంటాం."

తెలుసు. పిలిచి అడగను కూడా అడగరు, ఉద్యోగం తీసేస్తారు. తలుపు దడాలున వేసి బయటికొచ్చాను. అలా వెయ్యడం పధ్నాలుగేళ్ళ కాపురంలో కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

*

రెండుంబావుకి నేనూ దశాంశం గోదాం అరుగు మీద ఉన్నాం. సబ్బుల లారీ అప్పుడే వెనక్కి వచ్చి ఆగింది. నా చేతిలో గడియారం చూసి హమాలీలంతా ఒక్కసారి ఆగిపోయారు. మేస్త్రీ మమ్మల్ని చూసి, గోడ గడియారం చూసి, వాళ్ళతో నెమ్మదిగా ఏదో అన్నాడు.

బావగారు రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నారు. దశాంశాన్ని పిలిచారు.

"బాబూ, ఆవిడతో చెప్పండి. పసుపు గీత దాటి నిలబడొద్దని. ట్రాలీ తగులుతుంది."

"మేడం, పసుపు గీత దాటి..."

"విన్నాను."

దించడం మొదలుపెట్టారు. పెట్టె తర్వాత పెట్టె. ఒక్కో పెట్టె దించాక చేతులు దులుపుకుంటున్నారు. ట్రాలీ చక్రం చూస్తున్నారు. ఒకడు చెప్పు ఊడదీసి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ ఊడదీశాడు. పదిహేనో నిమిషానికి సగం కూడా కాలేదు. నాకప్పటికి అర్థమైంది. నేను బావగారిని పట్టుకోవడానికి వచ్చాననుకుంటున్నారు. ఆయన రాసిన నలభైని నిజం చేసి చూపిస్తున్నారు.

అరిచి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్తే ఆ అంకె నేను పరిగెత్తించి రాబట్టింది అవుతుంది. పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను.

చివరి పెట్టె మేస్త్రీ భుజం మీద ఉంది. గోడ గడియారం వైపు చూస్తూ, పెట్టె దించకుండా అలాగే నిలబడ్డాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మెడ మీద నరాలు తేలాయి. ముల్లు యాభై అయిదు మీదికి రాగానే పెట్టె కింద పెట్టి, నావైపు చూసి మీసం తుడుచుకున్నాడు.

"నలభై," అన్నాడు దశాంశం. గడియారం చూసి అతను దశాంశం లేకుండా చెప్పడం అదే మొదటిసారి.

అయిదు నిమిషాల్లో బిస్కెట్ల లారీ వచ్చి ఆగింది. ఇక ఊరుకోలేకపోయాను.

"సూపర్‌వైజరు గారితో చెప్పు," అన్నాను దశాంశంతో, అరుగంతా వినపడేలా. "నేను ఎవర్నీ పట్టుకోవడానికి రాలేదని చెప్పు. వీళ్ళు నిజంగా ఎంతసేపట్లో దించుతారో నాలుగు లోపల ఆ రిజిస్టర్లో ఎక్కకపోతే ఈ షట్టరు మళ్ళీ లేవదని చెప్పు."

"నిజం రాస్తే ఏమవుతుందో పదకొండేళ్ళ కిందట చూశానని చెప్పండి బాబూ," అన్నారు బావగారు. "మళ్ళీ ఇరవై నిమిషాలకో లారీ తోలుతారని చెప్పండి. ఈసారి ఎవరి నడుం కావాలో కూడా అడగండి."

"ఆ రిజిస్టర్లో విశ్రాంతికి గడి లేదు. ఉన్న ఒక్క గడిలోనే ఆయన రెండూ కలిపి రాశారు. నేను మనుషుల్ని చూడకుండా ఆ అంకె ఎత్తుకుపోయాను. ఆయనది తప్పే, నాది అంతకన్నా పెద్ద తప్పు. ఇవాళ రెండో గడి గీస్తాను. దించిన సేపు ఒకటి, కూర్చున్న సేపు ఒకటి. రెండూ ఉంటేనే నకలు నడుస్తుంది, రెండో గడి తీసేస్తే నా సంతకం ఉండదు. ఇది కూడా చెప్పు."

పాపం దశాంశం నోరు తెరిచాడు గానీ ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక మూసేశాడు.

బావగారు లేచి అరుగు చివరికి వచ్చారు.

"మేస్త్రీ. రద్దీ రోజు దించినట్టు దించండి."

"అయ్యా..."

"దించమన్నాను."

అప్పుడు చూశాను వాళ్ళ పని. ఎవరూ ఎవర్నీ పిలవలేదు, ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు. పెట్టెలు చేతినించి చేతికి వెళ్ళిపోతున్నాయి. ఎనిమిది నెలలు కంప్యూటరు ముందు కూర్చుని చూసిన గళ్ళకి మెడలు, చెమట, ఒకడికి కుంటికాలు కూడా ఉన్నాయి. నాకు సిగ్గేసింది.

"పంతొమ్మిది పాయింట్ రెండు," అన్నాడు దశాంశం.

హమాలీలు గోడకి చేరబడి కూర్చున్నారు. బావగారు రిజిస్టరు తిప్పి నా ముందుకి తోశారు. పేజీ నిండా నలభై, నలభై, నలభై. ప్రతి వరసలోనూ పక్కన ఆయన సంతకం. నేను స్కేలు పెట్టి గడిని రెండుగా చీల్చాను. మొదటిదాంట్లో పంతొమ్మిది అని రాశాను. రెండోదాంట్లో విశ్రాంతి అని రాసి, నిమిషాలకి చోటు వదిలాను. పెన్ను ఆయనకిచ్చాను.

ఆ పంతొమ్మిది పక్కన సంతకం పెడితే పైనున్న నలభైలన్నీ అబద్ధాలని ఆయనే ఒప్పుకున్నట్టు. గోదాం నిలుస్తుంది. రేపు పొద్దున ఆయన స్కూటరు ఈ గేటు దాటదు. అది ఆయనకి తెలుసు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పెన్ను కిందికి దించారు.

పేజీ మీద ఒక చెయ్యి పడింది. అట్టపెట్టెల దుమ్ముతో, చీలిన గోళ్ళతో ఉన్న పెద్ద చెయ్యి. సంతకం చెయ్యాల్సిన చోటంతా కప్పేసింది.

"వద్దయ్యా," అన్నాడు మేస్త్రీ. "మా అన్న మంచం మీద ఉన్నాడు. మీరు కూడా మావల్ల ఇంట్లో కూర్చుంటే మేం ఈ అరుగెక్కలేం. మూసుకోనివ్వండి. ఇంకెక్కడో మోసుకుంటాం."

గోడకి చేరబడ్డవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి అతని వెనక నిలబడ్డారు. గడియారం మూడూ ఇరవై అయిదు చూపిస్తోంది. ఆఫీసుకి పావుగంట దారి.

బావగారి ముఖం ఎర్రబడింది. పొద్దున నా మీద పడాల్సిన కోపమంతా కళ్ళలోకి వచ్చింది. మేస్త్రీ వైపు చూడనైనా చూడలేదు. తల తిప్పి, నిన్నటి తర్వాత మొదటిసారి, నా కళ్ళలోకి చూశారు.

"అమ్మాయ్," అన్నారు. "వీడితో చెప్పు. చెయ్యి తియ్యమని చెప్పు."

అరుగు మీద అందరూ నావైపు తిరిగారు. నేను మళ్ళీ ఆయన మనిషిని, ఆ మాట చెప్పాల్సింది నేనే.